నాపా లోయను దక్షిణం నుంచి రుచి చూడాలి

కాలిఫోర్నియాలోని నాపా లోయకు కారులో వెళ్లేవారు చాలామంది వైన్ తయారుచేసి రుచి చూపించే పేరున్న వైనరీల జాబితా ఒకటి రాసుకుని, దొరికిన అపాయింట్‌మెంట్లకు తగ్గట్టు లోయలో అటూ ఇటూ తిరుగుతారు. అక్కడ జాబితా కన్నా దారి ముఖ్యమని నా గట్టి నమ్మకం. శాన్ పాబ్లో అఖాతానికి ఆనుకుని ఉన్న కార్నెరోస్‌లో మొదలుపెట్టి, ఉత్తరాన కాలిస్టోగా వరకు వరుసగా వెళుతూ రుచి చూస్తే, గ్లాసులోని వైన్ అలా ఎందుకు ఉందో సగం సంగతి ఆ దారే చెబుతుంది.

ఈ లోయ పొడవు సుమారు 30 మైళ్లు. వెడల్పు మహా అయితే 5 మైళ్లు. పడమట మయాకమస్ కొండలు, తూర్పున వాకా కొండలు గోడల్లా నిలిచి ఉంటాయి. వేసవి రాత్రుల్లో అఖాతం మీది పొగమంచు దక్షిణపు కొస నుంచి ఈ కొండల నడుమకు ప్రవేశించి, పొద్దెక్కే దాకా తోటలను కప్పి ఉంచుతుంది. ఉత్తరానికి పోయే కొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది కనుక, ఎండాకాలపు మధ్యాహ్నం కార్నెరోస్‌లో గాలి చల్లగా వీస్తుండగా కాలిస్టోగాలో ఎండ మండిపోతూ ఉంటుంది. ఉత్తరానికి వెళితే చల్లబడుతుందన్న మన లెక్క ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101, 37, 121 రహదారుల మీదుగా వచ్చేవారికి ముందుగా తగిలేది కార్నెరోస్. చల్లని చోట కూడా పండగలిగే షార్డొనే, పినో నువార్ ఇక్కడి ప్రధాన ద్రాక్షలు. షార్డొనేను రెండు రకాలుగా, అంటే స్టీలు ట్యాంకులో తయారైనదాన్ని, ఓక్ పీపాలో పెరిగినదాన్ని పక్కపక్కన పోయించుకోగలిగితే అంతకన్నా మంచి పాఠం లేదు. మొదటిదానిలో పచ్చి ఆపిల్ పులుపు నేరుగా నాలుకకు తగులుతుంది. రెండవదానిలో వెన్న వాసన, వెనిలా వాసన ముందుకు వస్తాయి. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చే క్రమంలో డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది. ఆ వెన్న వాసన దానిదే. వెనిలా మాత్రం పీపా చెక్క ఇచ్చింది. ఈ రెండింటినీ విడదీసి గుర్తుపట్టడం ఒకసారి అలవాటైతే, ఆ తరువాత ఏ షార్డొనే తాగినా ద్రాక్ష ఎంత, తయారీదారు చేయి ఎంత అన్నది తెలుస్తూనే ఉంటుంది.

నాపా పట్టణం దాటాక రెండు దారులున్నాయి. 29వ నంబరు రహదారి మీద పెద్ద వైనరీలన్నీ కనిపిస్తాయి గానీ, వారాంతాల్లో వాహనాలు బారులు తీరుతాయి. తూర్పు కొండల అంచున దానికి సమాంతరంగా సాగే సిల్వరాడో ట్రెయిల్ నాకు ఎక్కువ ఇష్టం. స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ ఈ దారి మీదే ఉంది. 1976 మే 24న ప్యారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసిన పోటీలో, ఎర్ర వైన్లలో మొదటి స్థానం పొందినది ఈ వైనరీ 1973లో కాబర్నే సావిన్యాన్ అనే నల్ల ద్రాక్షతో చేసిన వైన్. ఆ ద్రాక్ష తోటను నాటింది 1970లో. అంటే అంత లేత తీగల పంటతో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్లను దాటారన్నమాట. నాపా పేరు ప్రపంచానికి తెలిసిన రోజు అదే.

ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్ ఊళ్లకు చేరేసరికి కాబర్నేదే రాజ్యం. దీని గింజలు పెద్దవి, పండు చిన్నది, తొక్క దళసరి. అందుకే వగరు ఎక్కువ. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, మింగకుండా అంతటా తిప్పి చూస్తే, పచ్చి జామకాయ కొరికినట్టు చిగుళ్లు బిగుసుకుంటాయి. ఆ బిగువు ఎక్కడ మొదలైంది, ఎంతసేపు నిలిచింది, గరుకుగా ఉందా, నున్నగా ఉందా అన్నది గమనించాలి. రూథర్‌ఫర్డ్ వైన్లకు ‘రూథర్‌ఫర్డ్ దుమ్ము’ అనే లక్షణం ఉందని అక్కడివారు చెబుతారు. అది వాసన కన్నా ఎక్కువగా సన్నని పొడిలాంటి ఆ వగరు స్పర్శేనని నాకనిపిస్తుంది.

రుచి చూసిన వైన్‌ను ఉమ్మివేయడానికి ప్రతి బల్ల మీద ఒక పాత్ర ఉంటుంది. దాన్ని వాడటం ఆతిథ్యానికి అవమానమని సంకోచించేవారిని చాలామందిని చూశాను. వైన్ తయారు చేసేవారే రోజంతా ఉమ్మివేస్తూ రుచి చూస్తారు కనుక ఆ సంకోచానికి అర్థం లేదు. ఒక్కొక్కటి రెండు ఔన్సులకు మించకపోయినా, ఐదారు రకాలు మింగితే మూడవ వైనరీకి నాలుక మొద్దుబారుతుంది. ఆపైన రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతమని చట్టం ఉన్న రాష్ట్రంలో ఎవరో ఒకరు కారు నడపాలి. నడిపే మనిషి అసలు రుచి చూడకపోవడమే ఉత్తమం. రోజుకు మూడు చోట్లు చాలు. నాలుగవది పెట్టుకుంటే అక్కడి వైన్‌కు అన్యాయం చేసినట్టే.

కాలిస్టోగాకు ఉత్తరాన షాటో మాంటెలీనా ఉంది. ప్యారిస్ పోటీలో తెల్ల వైన్లలో గెలిచినది దీని 1973 షార్డొనే. అయితే ఆ ద్రాక్షలో ఎక్కువ భాగం వచ్చింది పక్కనున్న సొనోమా కౌంటీ నుంచి. ఈ సంగతి తెలిశాక నాపాతో ప్రయాణం ముగించబుద్ధి కాదు. 128వ నంబరు రహదారి పట్టుకుంటే నైట్స్ వ్యాలీ, అలెగ్జాండర్ వ్యాలీ మీదుగా సొనోమా ఉత్తర భాగానికి చేరవచ్చు. అక్కడి డ్రై క్రీక్ వ్యాలీలో పందిరి తీగల ఊసు లేకుండా పొట్టిగా, చెట్లలా నిలబడిన పాత జిన్‌ఫాండెల్ మొక్కలు కనిపిస్తాయి. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు వాడిపోయి, కొన్ని ఇంకా పచ్చిగా ఉండటం ఈ ద్రాక్ష స్వభావం. కాబట్టే దాని వైన్‌లో ఎండు ద్రాక్ష తీపి, తాజా పులుపు ఒకే గుక్కలో తగులుతాయి. నాపా కాబర్నేలోని గాంభీర్యం దీనికి లేదు, అక్కరలేదు కూడా.

కొనేటప్పుడు లేబుల్ మీద ఊరి పేరును జాగ్రత్తగా చదవాలి. అమెరికా నిబంధనల ప్రకారం రూథర్‌ఫర్డ్ వంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. కాలిఫోర్నియా అని మాత్రమే ఉంటే అది రాష్ట్రంలో ఏ మూలదైనా కావచ్చు. కొన్న సీసాలను ఎండలో నిలిపిన కారులో వదిలితే, వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, రుచి ఉడికిపోతుంది. కాబట్టి ఒక ఐస్ పెట్టె వెంట ఉండాలి. మూత తీసిన సీసాను కూర్చునే చోట ఉంచుకోవడం నేరం గనుక దాని స్థానం డిక్కీలోనే.