అమ్మానాన్నలతో షికాగోకి: ఏ విమానం ఎక్కాలి?

మా అక్క షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటుంది. అమ్మానాన్నలకు అమెరికా విజిటర్ వీసా చేతికొచ్చాక, 2025 సెప్టెంబరులో వాళ్ళను తీసుకెళ్ళి అక్క దగ్గర దిగబెట్టి వచ్చే పని నాకు పడింది. ఏ ఎయిర్‌లైన్‌లో టికెట్లు కొనాలన్న దానిమీద జూలై నెలంతా ఇంట్లో చర్చే. బావ ఒక స్క్రీన్‌షాట్ పంపేవాడు, కాసేపటికి అక్క ఇంకోటి పంపేది. "ఏది తక్కువైతే అదే చూడరా" అని నాన్న ఒకే మాట మీద ఉన్నారు.

నాన్నకు 72 దాటాయి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నడుస్తారు గానీ ఎక్కువ దూరం నడవలేరు, ఎక్కువసేపు కూర్చున్నా కాళ్ళు వాస్తాయి. అమ్మకు షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. గుడ్డు తగిలిన పదార్థం కూడా ముట్టదు. ఇద్దరికీ విమానం కొత్త. ఇవన్నీ పక్కన పెట్టి ధర ఒక్కటే చూసి కొనడం నాకు మనసొప్పలేదు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ముందు చూడాల్సింది మధ్యలో మారే ఊరు, అక్కడ దొరికే సమయం. ఎయిర్‌లైన్ పేరు ఆ తర్వాత సంగతి.

హైదరాబాద్ నుంచి షికాగోకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా విమానం మొదలుపెట్టింది. తర్వాత అది ఆగిపోయింది. అది ఉండి ఉంటే ఇంత వెతుకులాటే ఉండేది కాదు. ఇప్పుడు శంషాబాద్‌లో ఎక్కితే ఢిల్లీలోనో, గల్ఫ్‌లోనో, ఐరోపాలోనో మారాల్సిందే.

ఢిల్లీ దారి నాన్నకు నచ్చింది. మన దేశంలోనే మారతాం, భాష ఇబ్బంది లేదు, ఢిల్లీ నుంచి షికాగోకి ఎయిర్ ఇండియా ఉంది. కానీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది, అప్పట్లో కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో ఆగేవి. అసలే పొడుగు ప్రయాణం. ఆగిన చోట సీట్లోనే కూర్చోవడమంటే నాన్న మోకాలికి అది పరీక్షే. మామూలు రోజులైతే నేనూ ఢిల్లీకే ఓటేసేవాణ్ణి.

ఐరోపా దారి దగ్గర నేను చాలాసేపు ఆగాను. హైదరాబాద్ నుంచి లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎప్పటినుంచో ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా 2024 జనవరిలో మొదలైంది. ఈ దారిలో ప్రయాణం దాదాపు సగం సగంగా విరుగుతుంది: అటు పది గంటల చిల్లర, ఇటు తొమ్మిది, తొమ్మిదిన్నర. గల్ఫ్ దారిలో అయితే మొదటిది నాలుగు గంటలే, రెండోది మాత్రం పదిహేను దాకా. కాళ్ళు వాచే మనిషికి ఈ తేడా చిన్నది కాదు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే ఈ రెండు చోట్లా ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. చాలామంది ఆ భయంతోనే ఐరోపా దారి వదిలేస్తారు, అందుకే ఈ మాట చెబుతున్నాను. అయినా మేం వద్దనుకున్నాం. మాకు కుదిరిన తేదీల్లో చౌకగా కనబడిన టికెట్టుకు మనిషికి ఒక్క బ్యాగే. రెండో బ్యాగు డబ్బులు కలిపితే ఆ చౌక కాస్తా ఎగిరిపోయింది. పైగా అన్ని గంటలూ కూర్చుని, షికాగోలో దిగాక ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాలి.

ఆ లైనే చివరికి మా నిర్ణయాన్ని తేల్చింది. అబుదాబి విమానాశ్రయంలో 2014 నుంచి అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అధికారులు అక్కడే కూర్చుంటారు. తనిఖీ మొత్తం అబుదాబిలోనే అయిపోతుంది, షికాగోలో దేశంలోపలి విమానం దిగినట్టు దిగి బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. దుబాయ్‌లో, దోహాలో ఈ సదుపాయం లేదు. అబుదాబి ఎయిర్‌లైన్ ఎతిహాద్‌కి హైదరాబాద్ నుంచి అబుదాబికి, అక్కడినుంచి షికాగోకి విమానాలున్నాయి. మాకు దొరికిన పెద్ద విమానంలో వరుసకు తొమ్మిది సీట్లు, మూడేసి చొప్పున. ముగ్గురం కాబట్టి ఒక వరుస భాగం మొత్తం మాదే. దుబాయ్ ఎయిర్‌లైన్ ఎమిరేట్స్ షికాగోకి నడిపే బోయింగ్ 777లో వరుసకు పది, మధ్యలో నలుగురు కూర్చోవాలి. నాన్నను నడవా పక్క సీట్లో పెట్టాలన్నది నా పట్టుదల. ముగ్గురం మేమే కూర్చునే వరుసలో బయటివాళ్ళు దారి కోసం ఆయన్ను లేపే పని ఉండదు.

మనిషికి పన్నెండు వేలు ఎక్కువైంది. నాన్నకు అది రుచించలేదు. "నాన్నా, అక్కడ దిగాక రెండు గంటలు నిలబడాల్సి వస్తే మీ మోకాలు ఏమంటుంది?" అని అడిగితే "సరే, నీ ఇష్టం" అన్నారు.

టికెట్టు ఎయిర్‌లైన్ సొంత సైటులోనే, మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద కొన్నాను. మా బంధువుల్లో ఒకాయన డబ్బు కలిసొస్తుందని రెండు ముక్కలుగా కొన్నారు. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్ళిపోయింది. రెండోవాళ్ళు "మాకు సంబంధం లేదు" అన్నారు. ఆ రాత్రికి రాత్రి కొత్త టికెట్టు కొనుక్కోవాల్సి వచ్చింది. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది, బ్యాగులు కూడా చివరిదాకా అవే వెళ్తాయి. ఆ జూన్‌లోనే ఖతార్ గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేశారు. టీవీలో అది చూసిన అమ్మ "గల్ఫ్ మీదుగా వద్దేమోరా" అంది. అలాంటిది జరిగినా మనల్ని వదిలేయకుండా ఉండటానికే ఈ ఒకే టికెట్టు అని నచ్చజెప్పాను.

అబుదాబిలో విమానం మారడానికి రెండు గంటల లోపు దొరికేదీ ఉంది, నాలుగు గంటలదీ ఉంది. నేను నాలుగు గంటలదే తీసుకున్నాను. ప్రీక్లియరెన్స్ ఉన్నచోట తక్కువ సమయం పెట్టుకోకూడదు. సెక్యూరిటీ మళ్ళీ ఉంటుంది, తర్వాత అమెరికా అధికారుల లైను ఉంటుంది, వీల్‌చైర్ కోసం ఆగాల్సి రావచ్చు.

వీల్‌చైర్ అడిగేటప్పుడు ఒక సంగతి గమనించాలి. అందులో మూడు రకాలున్నాయి. దూరం నడవలేరు గానీ మెట్లు ఎక్కగలిగితే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా తీసుకెళ్ళాల్సి వస్తే డబ్ల్యూసీహెచ్‌సీ. నాన్నకు రెండోది పెట్టించాను. మెట్లున్న విమానమైతే లిఫ్టు బండి పంపాలని వాళ్ళకు ముందే తెలుస్తుంది. భోజనం విషయంలో కూడా ఉత్త "వెజిటేరియన్" అని వదిలేస్తే పాశ్చాత్య పద్ధతిలో ఉడికించిన కూరలు గానీ, గుడ్డు కలిసినది గానీ రావచ్చు. "ఏషియన్ వెజిటేరియన్" అని ఎంచుకుంటే పప్పు, అన్నం, పనీర్ లాంటివి వస్తాయి. అమ్మ రెండు పూటలా తృప్తిగా తిన్నది. ఇన్సులిన్‌ను డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టాం.

బ్యాగుల దగ్గర అమ్మతో కాస్త వాదన అయింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి సరే. పెరట్లో కరివేపాకు కోసి, తడి ఆరబెట్టి, కాగితంలో చుట్టి పెట్టుకుంది. పచ్చి కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు. నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని వాళ్ళ భయం. మాంసం పచ్చళ్ళూ అంతే. "ఆ పిల్ల కరివేపాకు లేకుండా ఎట్లా వండుకుంటుందిరా" అంటూనే తీసేసింది.

శంషాబాద్‌లో రెండు బోర్డింగ్ పాసులూ ఇచ్చారు. అబుదాబి దాకా ప్రయాణంలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. నాన్న కిటికీ వైపు వంగి చూస్తూ, అమ్మ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటూ గడిపేశారు.

అబుదాబి కొత్త టెర్మినల్ 2023 నవంబరులో తెరిచారు. వీల్‌చైర్ తోసిన నేపాలీ కుర్రాడు నాన్నతో హిందీలో ఒకటే కబుర్లు. అమెరికా విమానాలకు వేరుగా ఉన్న చోట సెక్యూరిటీ మళ్ళీ చేశారు, బూట్లు విప్పించారు. నాన్నను కుర్చీలోనే ఉంచి పరీక్షించారు. తర్వాత అమెరికా అధికారి ముందుకు ముగ్గురం కలిసే వెళ్ళాం. వేలిముద్రలు తీసుకున్నాక ఆయన తెర మా వైపు తిప్పాడు. అందులో మా సూట్‌కేసు ఫొటో! పిడికి అమ్మ కట్టిన పసుపు గుడ్డ ముక్క కూడా కనిపిస్తోంది. "ఇది మీదేనా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మ "మాదే బాబూ" అంది. అన్ని బ్యాగులూ అలాగే చూపించాడు. తినేవి ఏమున్నాయని అడిగితే ఉన్నవన్నీ చెప్పాను. ఎన్నాళ్ళుంటారు, ఎవరింటికి, కూతురు ఏం చేస్తుంది అని నాన్నను అడిగాడు. నేను తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పాను. ఆరు నెలల దాకా ఉండొచ్చు అన్నాడు. అంతే. ఏదైనా తేడా వచ్చినా ఇల్లు అక్కడికి నాలుగు గంటల దూరమే కదా అన్న ధైర్యం కూడా ఆ చోట నాకుంది.

పదిహేను గంటల ప్రయాణం మాత్రం సులువుగా గడవలేదు. గంటన్నరకోసారి నాన్నను లేపి వెనక వంటగది దాకా నడిపించాను. కాళ్ళకు బిగుతు సాక్సులు ముందే తొడిగాం. వాపు వచ్చింది, కానీ అనుకున్నంత రాలేదు. ఐరోపా దారిలో అయితే ఇంకా తక్కువుండేదన్నది నిజమే.

షికాగోలో టెర్మినల్ 5లో దిగి నేరుగా బ్యాగుల దగ్గరికి వెళ్ళాం. ఎక్కడా ఎవరూ ఆపలేదు, పాస్‌పోర్టు అడగలేదు. "ఇమిగ్రేషన్‌కి టైం పడుతుంది కదా" అని అక్క నిదానంగా బయల్దేరింది. మేం బయటికి వచ్చి ఫోన్ చేసేసరికి ఇంకా దారిలోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ప్రీక్లియరెన్స్‌తో పని లేదు. అయినా రెండు వైపులా అబుదాబి మీదుగానే తీసుకోవడానికి కారణముంది. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళిద్దరే వస్తారు, ఒకసారి చూసిన విమానాశ్రయమైతే కంగారు పడరు. పీఎన్ఆర్, సీటు నంబర్లు, మా ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో రాసి నాన్న జేబులో పెట్టి వచ్చాను.

ఇప్పుడు మా పెద్దమ్మ, పెదనాన్న డాలస్ వెళ్ళాలంటున్నారు. నేను చూసినప్పుడు అబుదాబి నుంచి డాలస్‌కి నేరు విమానం లేదు. కాబట్టి మాకు పనికొచ్చిన దారి వాళ్ళకు పనికిరాదు. పెదనాన్న కాళ్ళు గట్టివే, ఎంతసేపైనా కూర్చోగలరు. కానీ ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, తోడు ఎవరూ లేరు. మన మాటో హిందీయో వచ్చిన మనిషి దొరికే చోట మారితే మంచిదని దోహా మీదుగా చూస్తున్నాను, మధ్యలో మూడు గంటలకు తగ్గకుండా.