సికింద్రాబాద్‌లో కూర్చుని చాయ్ తాగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది

నిన్న పొద్దున పదకొండు గంటలకి సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో, కింద హాల్లో, గల్లాపెట్టె పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక్కదాన్నే చాయ్ తాగి వచ్చాను. సాయంత్రం ఇంట్లో చెబితే మా అల్లుడు "అందులో గొప్పేముంది అత్తయ్యా?" అన్నాడు. అతనికి చెప్పినట్టే ఇక్కడా మొదటినుంచీ చెబుతాను.

మాది తణుకు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 34 ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి రెండేళ్ళు. ఫిబ్రవరిలో మా అమ్మాయి వచ్చి ఇంటికి తాళం వేయించి నన్ను సికింద్రాబాద్‌లో తన ఇంటికి, మారేడుపల్లికి, తీసుకొచ్చేసింది. వాళ్ళిద్దరూ ఆఫీసులకు వెళ్ళిపోతే ఐదో అంతస్తులో నేనూ, గోడ గడియారమూ. ఊరు తెలియకపోతే సొంత కూతురింట్లో ఉన్నా చుట్టపుచూపే. అందుకని మార్చి మొదట్లో గట్టిగా అనుకున్నాను, ఈ పేటని నా కాళ్ళతో నేనే నేర్చుకోవాలని.

మా అమ్మాయి ఫోనులో చూడదగ్గ చోట్లని ఒక పట్టిక తీసిచ్చింది. అందులో సగం కాఫీ షాపులే. ఆ పట్టికని నమ్ముకుని ఉంటే నాకు ఈ ఊరు తెలిసేది కాదు. బజార్లోని సందుల సంగతి అందులో ఒక్క ముక్క లేదు.

మెట్రో ఒక్కరోజులో వచ్చేసింది. పెరేడ్ గ్రౌండ్ దగ్గర లైను మారడం రెండోసారికే అలవాటైపోయింది. ఆటోల గురించి రాయను, మీటరు వేసే ఆటో నాకింతవరకూ దొరకలేదు.

చూడ్డానికి వెళ్ళినవన్నీ నేను పాఠంగా చెప్పినవే. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడం, వాళ్ళ పటాలాలు హుస్సేన్ సాగర్‌కి ఈవల దిగడం, 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరికి సికింద్రాబాద్ అని పేరు రావడం, ఇవన్నీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఈ ఊరిని లష్కర్ అంటారని మాత్రం నాకు పుస్తకంలో దొరకలేదు. లష్కర్ అంటే దండు. దండు ఉన్నచోట తిండి కావాలి, బట్ట కావాలి. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అనే పేర్లలోనే ఆ సంగతంతా ఉంది. 1897 నాటి గడియార స్తంభం కింద నిలబడ్డ రోజు, జేమ్స్ స్ట్రీట్‌లో (ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డు) సేఠ్ రాంగోపాల్ కట్టించిన పోలీస్ స్టేషన్ రాతిగోడని చూసిన రోజు, నా పిల్లలు నలభైమంది నా వెనక ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఈ ఊళ్ళో టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క పూట పిల్లల్ని అక్కడికి నడిపించండి. బస్సు కూడా అక్కర్లేదు.

ఉజ్జయిని మహంకాళి గుడికి రెండుసార్లు వెళ్ళాను. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు, ఉజ్జయినిలో దండుతో ఉన్న సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడట. జబ్బు తగ్గాక, 1815లో కట్టె విగ్రహాన్ని తెచ్చి ఇక్కడ నిలిపాడు. ఒక బోయీ మొక్కు మీద లష్కర్ బోనాలంతా నిలబడి ఉంది. రాజులు కట్టించిన గుళ్ళు చాలా చూశాను గాని ఇక్కడ దణ్ణం పెడుతుంటే గొంతు పట్టుకుపోయింది. ఆషాఢంలో బోనాలకి తెల్లవారకముందే రమ్మని గుడిముందు పూలామె చెప్పింది. మర్నాడు జరిగే రంగం, అంటే భవిష్యవాణి చెప్పే వేడుక, అది కూడా చూడాలి.

ఇక్కడి కూరగాయల బజారు, మోండా మార్కెట్, నేర్చుకోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. కష్టం దారిది కాదు, మాటలది. గోంగూర అంటే ఒక ముసలామె తల అడ్డంగా ఊపింది. ఆమె బుట్టలో ఉన్నది గోంగూరే. "గది పుంటికూరమ్మా" అంది పక్కామె. వెల్లుల్లి ఎల్లిగడ్డ అయింది, బంగాళాదుంప ఆలుగడ్డ అయింది, వేరుశెనగ గుళ్ళు పల్లీలయ్యాయి, గోరుచిక్కుడు గోకరకాయ అయింది. గంగవాయిలి కూర మాత్రం నాకు బొత్తిగా కొత్త. పప్పులో వేస్తే పులుపు దానంతటదే వస్తుంది, చింతపండు అక్కర్లేదు. రెండు వారాలపాటు ఒక చిన్న నోటుబుక్కులో ఈ మాటలన్నీ రాసుకున్నాను. మీరు కోస్తా నుంచి వచ్చినవాళ్ళయితే మీరూ రాసుకోండి. మన మాటే మాట అని కూర్చుంటే ధరలోనే తెలిసిపోతుంది.

మోండాకి వెళ్ళేవాళ్ళు ఎనిమిదిలోపు వెళ్ళాలి. గుడ్డసంచులు రెండు, చిల్లర, చెప్పులు పాతవి. ఆకుకూరలమ్మే ముసలివాళ్ళ దగ్గర బేరం ఆడకండి. కట్టకి రెండు రూపాయలు తగ్గించి మనం కట్టే మేడ ఏమీ లేదు.

ఏప్రిల్ చివర్లో ఆవకాయ కాయ వచ్చింది. ఇక్కడ మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు. గోదావరి మనిషిని. ఇరవై కిలోలు కొనేముందు ఒక కాయ అడ్డంగా కొట్టించి టెంక ముదిరిందో లేదో చూశాను, ముక్క నోట్లో వేసుకుని పులుపు చూశాను, పీచు చూశాను. ముందు చూపించిన రాశి వద్దని లోపలున్న రాశి తీయించాను. ముక్కలు కొట్టే అబ్బాయి కత్తిపీట ముందు నిలబడి ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండేట్టు కొట్టించాను. నా వెనక నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళ కాయలు కూడా నన్నే చూసిపెట్టమన్నారు. చూసిపెట్టాను. ఆ రోజు ఈ ఊళ్ళో నాకు చోటు దొరికిందనుకున్నాను.

అంతకుముందు ఒక ఆదివారం మా అమ్మాయి వాళ్ళు చార్మినార్ తీసుకెళ్ళారు. అక్కడ నిమ్రా కేఫ్ ముందు ఆడా మగా తేడా లేకుండా నిలబడి చాయ్ తాగుతున్నారు. నేనూ తాగాను. డికాక్షన్ వేరుగా మూతపెట్టి గంటల తరబడి దమ్ము మీద ఉంచుతారు. పాలు వేరుగా చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కప్పులోనే కలుస్తాయి. అందులో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటే ఉప్పూ తీపీ ఒకేసారి నాలికకి తగులుతాయి. ఆ రుచి నన్ను వదల్లేదు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన అలాంటి హోటళ్ళకి సికింద్రాబాద్ కూడా పేరుపొందిన ఊరే కదా, బజారు పని అయ్యాక నా పేటలోనే కూర్చుని తాగుదాం అనుకున్నాను.

మే నెలలో ఒక గురువారం. రెండు సంచులు నిండుగా ఉన్నాయి, కుడి మోకాలు పట్టేసింది. ఒక హోటల్లోకి వెళ్ళాను. ఏ హోటలో రాయను. లోపల పాతిక బల్లలుంటే అన్నిటి దగ్గరా మగవాళ్ళే. గుమ్మంలో నిలబడి "ఎక్కడ కూర్చోమంటారు బాబూ?" అని అడిగాను. బల్ల తుడుస్తున్న కుర్రాడు నా మొహం చూడకుండా చెయ్యి పైకి చూపించాడు. "ఫ్యామిలీ పైన అమ్మా."

పద్దెనిమిది మెట్లు. లెక్కపెట్టుకుంటూ ఎక్కాను, మోకాలు అలా ఉంది. పైన పరదాలు కట్టిన గదులు, ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. ఒకతను వచ్చి "ఎంతమందమ్మా?" అన్నాడు.

"నేనొక్కదాన్నే."

"ఏం తింటరు?"

"ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు."

"పైన చాయ్ ఒక్కటే ఇయ్యరమ్మా. బిర్యానీ గిట్ల ఉంటేనే. బిర్యానీ పన్నెండున్నరకు."

మళ్ళీ పద్దెనిమిది మెట్లు దిగాను. గల్లా దగ్గర కూర్చున్నాయనతో సంగతి చెప్పాను. ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. అది ఒప్పుకోవాలి. "కింద లేడీస్ కూర్చోరు మేడమ్. ఇబ్బంది అవుతుంది" అన్నాడు. "ఎవరికండీ?" అన్నాను. జవాబు లేదు. నా వెనక నిలబడ్డతనికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి "పార్సిల్ తీసుకోండి" అన్నాడు. దగ్గర్లో రెండు బల్లల వాళ్ళు మాటలాపి నన్నే చూస్తున్నారు. వద్దని వచ్చేసి ఉండాల్సింది. కానీ అప్పటికి నోట మాట రాక డబ్బులిచ్చేశాను.

ప్లాస్టిక్ కవరులో చాయ్ పోసి రబ్బరు బ్యాండు వేసి చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఒక చేతిలో రెండు సంచులు, ఇంకో చేతిలో కాలిపోతున్న ఆ కవరు. ఎక్కడ కూర్చుని తాగాలి? అరుగు లేదు, బెంచీ లేదు. 34 ఏళ్ళు నేను తరగతిలోకి అడుగుపెడితే అరవైమంది లేచి నిలబడేవారు. పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ అధికారిగా తెల్లవార్లూ పనిచేశాను. అలాంటిది, ఒక కప్పు చాయ్ తాగడానికి కుర్చీ అడిగితే లేదనిపించుకున్నాను. ఆటోలో ఇంటికొచ్చేదాకా కళ్ళు తుడుచుకోలేదు, రెండు చేతులూ ఖాళీ లేవు.

మా అమ్మాయితో చెబితే "కాఫీ షాపుకి వెళ్ళొచ్చు కదమ్మా" అంది. వెళ్ళాను కూడా. మర్యాదకి లోటు లేదు. గాజు తలుపు తీసి పట్టుకున్నారు, కాఫీ రెండువందల నలభై రూపాయలు. కానీ అక్కడ నా బజారు మనుషులెవరూ లేరు. హమాలీ, బట్టల కొట్టు గుమాస్తా, స్టేషన్లో బండి దిగి వచ్చినవాడు, పేపరు చదివే పెద్దాయన, వీళ్ళంతా కూర్చునేది ఇరానీ హోటల్లో. ఊరు తన గురించి తను మాట్లాడుకునే చోటు అది. ఆ చోటుని సగం మంది ఊరికి మూసేసి, వాళ్ళని పరదాల వెనక్కి పంపించి, దానికి ఫ్యామిలీ అని పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. భర్తో పిల్లలో పక్కన లేని ఆడదానికి దాహం వేయదా? ఆడపిల్లల్ని ఇంత చదివించామని చెప్పుకుంటున్నాం. వాళ్ళు కూర్చునే బల్ల గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి.

రెండు వారాలు బజారుకే వెళ్ళలేదు. వెళ్ళినరోజు, నాకు పుంటికూర నేర్పిన ఆకుకూరలామె "ఏడవోయినవమ్మా, పాణం బాగలేదా?" అంది. ఆమె పక్కన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. అప్పుడే చాయ్ కుర్రాడు తీగ పెట్టెలో గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ఆమె రెండు తీసుకుని ఒకటి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే చెయ్యి నెట్టేసింది.

"నువ్వు అడిగినవ్. అందుకే పైకి పంపిర్రు" అంది. "అడగొద్దు. పోవాలె, కూసోవాలె. కూసున్నంక ఎవ్వడు లేపడు. గల్లా పక్కపొంటి బల్ల చూసి కూసో. ఆడ ఎవ్వడు పిచ్చి మాట మాట్లాడడు, సేటు ఇంటడు." తను రోజూ వెళ్ళే హోటల్ ఏదో కూడా చెప్పింది. తెల్లారి నాలుగింటికి కూర దించుకున్నాక ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే తాగుతారట. ఎన్నో ఏళ్ళుగా. నాకు అడ్డుపడిన తలుపు ఆమెకి ఎప్పుడూ తెరిచే ఉంది.

నిన్న వెళ్ళాను. ఆమె చెప్పిన హోటలే. గుమ్మంలో ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. గల్లా పక్క బల్ల కింద సంచులు పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గుండె మాత్రం దడదడలాడుతోంది. సప్లయర్ ఒకసారి నా వైపు, ఒకసారి సేటు వైపు చూశాడు. సేటు లెక్కల్లోంచి తలెత్తలేదు. "క్యా అమ్మా?" అన్నాడు సప్లయర్. "ఏక్ చాయ్, దో ఉస్మానియా" అన్నాను.

కప్పులోంచి సాసరులోకి ఒలికేంత నిండుగా తెచ్చిపెట్టాడు. సగం తాగేసరికి ఉర్దూ పేపరు పట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి ఎదుటి కుర్చీ మీద చెయ్యి వేసి "కూర్చోవచ్చా అమ్మా, ఎవరైనా వస్తున్నారా?" అని అడిగాడు. కూర్చోండి అన్నాను. ఆయన సాసరులో పోసుకుని తాగుతూ పేపరు తిరగేశాడు, నేను రెండో చాయ్ చెప్పాను. ఇంకెవరూ నా వైపు చూడలేదు.

వచ్చేటప్పుడు ఆకుకూరలామె కోసం పావుకిలో బిస్కెట్లు కట్టించాను. వెళ్ళేసరికి గోనెపట్టా మడిచి ఉంది, ఆమె కూర అమ్ముడుపోయి వెళ్ళిపోయింది. పొట్లం మా ఫ్రిజ్ మీద ఉంది. రేపు ఏడింటికల్లా అక్కడ ఉండాలి.