గాలికి వదిలిన క్రేన్లు

మొన్న సెలవు మీద వచ్చినప్పుడు మా బాబాయి నన్ను బండి ఎక్కించుకుని మందడం నుంచి రాయపూడి వైపు తీసుకెళ్లాడు. అమరావతి రాజధానిలో సచివాలయం టవర్లు కట్టే చోట ఆపి, వేలు చూపిస్తూ క్రేన్లు లెక్కపెట్టాడు. అయ్యాక నా వైపు తిరిగి, "ఒరేయ్, మీ దుబాయ్‌లో ఇంతకంటే ఎక్కువుంటాయా?" అన్నాడు.

"ఎన్నున్నాయో కాదు బాబాయ్, ఎటు తిరిగున్నాయో చూడాలి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఆ మాట వెనక ఉన్న సంగతంతా అక్కడే, బండి పక్కన నిలబడి చెప్పాను.

నేను దుబాయ్ వెళ్లింది 2006లో. మొదట రిగ్గర్‌ని. ఇనుప చువ్వల కట్టలకు స్లింగులు కట్టి, హుక్కుకు తగిలించి, పైనున్న ఆపరేటర్‌కు వాకీటాకీలో చెప్పడం నా పని. తర్వాత లైసెన్సు తెచ్చుకుని నేనే క్యాబిన్ ఎక్కాను. ప్రపంచంలో ఉన్న క్రేన్లలో నాలుగో వంతు దుబాయ్‌లోనే ఉన్నాయని ఆ రోజుల్లో అందరూ అనేవాళ్లు. ఆ లెక్క ఎవరు కట్టారో చెప్పినవాళ్లు లేరు గానీ, క్యాబిన్‌లోంచి చూస్తే నమ్మబుద్ధయ్యేది.

డ్యూటీ దిగే ముందు ఆపరేటర్ తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. హుక్కుకు బరువేమీ లేకుండా చూసి, దాన్ని పైకి లాగేసి, క్రేను తిరగకుండా పట్టి ఉంచే బ్రేకు వదిలేయాలి. బిగించి ఉంచితే పెద్ద గాలి వచ్చినప్పుడు ఆ పొడుగాటి చెయ్యి గాలికి అడ్డం పడుతుంది, క్రేను మొత్తం ఒరిగే ప్రమాదం ఉంది. వదిలేస్తే గాలి ఎటు వీస్తే అటు తనే తిరిగి నిలబడుతుంది. మన తెలుగువాళ్లం దాన్ని గాలికి వదలడం అనుకునేవాళ్లం.

2009 జనవరిలో ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు క్యాబిన్‌లోంచి చుట్టూ చూశాను. నిన్నటిదాకా తలో దిక్కూ చూస్తూ తిరిగిన క్రేన్లు దాదాపు అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం ఇచ్చే విరామం కాదది, మంచి పని వేళ. పని జరిగే ఊళ్లో ఏ రెండు క్రేన్లూ ఒక వైపు చూడవు. నాకు కాళ్లలో వణుకు పుట్టింది. రెండు వారాలకు మా సైటూ ఆగింది. మూడు నెలలు జీతం లేదు. గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, అయిదుగురు ఇళ్లకు వెళ్లిపోయారు. అమ్మ ఫోన్ చేస్తే పని ఉందనే చెప్పాను.

అప్పుడు కూడా ఎవరైనా లెక్కపెడితే క్రేన్లు తగ్గినట్టు కనిపించేవి కావు. వాటిని విప్పి దించడానికి ఇంకో పెద్ద క్రేను, మనుషులు, డబ్బు కావాలి కదా. ఆగిపోయిన సైట్లో అవి అలాగే నిలబడి ఉంటాయి. ఆస్ట్రేలియాలో రైడర్ లెవెట్ బక్‌నాల్ అనే సంస్థ ఏడాదికి రెండుసార్లు నగరాల్లో టవర్ క్రేన్లు లెక్కించి సూచీ వేస్తుంది. ఏ ఊళ్లో ఎంత నిర్మాణం జరుగుతోందో చెప్పడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ క్రేను పునాది నాటికి వస్తుంది, ప్లాస్టరింగు, టైల్సు, వైరింగు అయ్యేలోపే వెళ్లిపోతుంది. ఆ పనులు చేసే చేతులు ఆ లెక్కలోకి రావు. మా గుంటూరు బ్రాడీపేటలో అయిదంతస్తుల అపార్టుమెంట్లు ఎన్ని లేచాయి! ఒక్కదానికైనా టవర్ క్రేను నిలబెట్టారా? తట్టలు, లిఫ్ట్ మిషను, తాపీ మేస్త్రీలు, అంతే.

బాబాయి మౌనంగా విన్నాడు. ఆయన మూడెకరాల జరీబు భూమి, అంటే ఏడాదంతా నీళ్లుండే పొలం, రాజధాని కోసం ప్రభుత్వం రైతుల భూములు తీసుకున్న పూలింగులో ఇచ్చాడు. ఎకరానికి ఏటా 50,000తో మొదలైన కౌలు, ఎప్పుడో చేతికొచ్చే ప్లాట్లు, ఆ నమ్మకం మీదే బతికాడు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రోజు నాకు ఫోన్ చేసి ఆ జనం హోరు వినిపించాడు. 2019లో పనులు ఆగాయి. ఆ తర్వాత నేను సెలవుకొస్తే ఇదే చోటికి తీసుకొచ్చి, టవర్ల పునాదుల్లో నిలిచిన నీళ్లు చూపించాడు. ఆ రోజు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. 2025 మే 2న పనులు మళ్లీ మొదలుపెట్టిన రోజు మాత్రం మూడుసార్లు ఫోన్ చేశాడు.

సెలవు అయిపోయి తిరిగొచ్చేశాను. ఇప్పుడు వారానికోసారి పొద్దున్నే ఫోన్ వస్తుంది. బాగున్నావా అని కూడా అడగడు.

"ఒరేయ్, ఇవాళ ఒకటి బెజవాడ కేసి చూస్తోంది, రెండు తుళ్లూరు కేసి, ఇంకోటి కృష్ణ కేసి. అదుగో, అది తిరిగింది కూడాను."