ఫాబ్‌ఐ: గొలుసులోని చివరి మెట్టు

బాక్టీరియా తన కణపొరకు కావలసిన కొవ్వు ఆమ్లాలను రెండేసి కార్బన్ల చొప్పున పొడిగించుకుంటూ పోతుంది. ప్రతి విడతలోనూ నాలుగు చర్యలు వరుసగా జరుగుతాయి. గొలుసులో మిగిలిపోయిన ద్విబంధాన్ని ఎన్ఏడీహెచ్ (హైడ్రోజన్‌ను అందించే సహాయక అణువు) సాయంతో తొలగించే చివరి చర్యను ఈ. కోలై అనే బాక్టీరియాలో నడిపే ఎంజైము ఫాబ్‌ఐ. అది పూర్తయితే గాని గొలుసు మరుసటి విడతకు సిద్ధం కాదు. మన కణాల్లో ఈ చర్యలన్నీ ఒకే పెద్ద ప్రొటీనులోని వేర్వేరు భాగాలు చేస్తుండగా, బాక్టీరియాలో ఒక్కో పనికి ఒక్కో ఎంజైము విడిగా ఉంటుంది కనుక, మనకు హాని లేకుండా ఆ బాక్టీరియా ఎంజైమును మాత్రమే అడ్డుకునే వీలు మందులకు దొరికింది.

క్షయ బాక్టీరియాలో ఇదే పని చేసే ఎంజైము పేరు ఇన్‌హెచ్‌ఏ. ఐసోనయజిడ్ అనే మందు క్షయను అణచగలదని 1952లో తెలిసింది. అది దెబ్బతీసేది ఈ ఎంజైమునేనని చూపే జన్యువు 1994లో గాని బయటపడలేదు. నలభై ఏళ్లకు పైగా లక్షలాది రోగులను కాపాడిన మందు ఎక్కడ పనిచేస్తుందో స్పష్టంగా తెలియకుండానే వాడారన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పైగా ఐసోనయజిడ్ తనంతట తాను ఇన్‌హెచ్‌ఏను ఏమీ చేయలేదు. బాక్టీరియాకే చెందిన క్యాట్‌జీ అనే ఎంజైము దానిని చురుకైన రూపానికి మార్చిన తరువాత, అది ఎన్ఏడీతో (ఎన్ఏడీహెచ్ హైడ్రోజన్ కోల్పోయిన రూపం) కలిసిపోయి, ఆ జంట ఇన్‌హెచ్‌ఏ గూటిలో బిగుసుకుంటుంది. దానితో కణకవచానికి ఆధారమైన మైకోలిక్ ఆమ్లాల తయారీ ఆగిపోతుంది. అందువల్లనే మందుకు లొంగని క్షయలో మార్పు తరచుగా ఇన్‌హెచ్‌ఏలో కాక క్యాట్‌జీలో, ముఖ్యంగా దాని 315వ అమైనో ఆమ్లం స్థానంలో కనిపిస్తుంది.

సబ్బుల్లో విరివిగా కలిపిన ట్రైక్లోసాన్ అనే క్రిమినాశకం కూడా ఫాబ్‌ఐనే పట్టుకుంటుందని 1998లో తేలింది. అంతవరకు అది కణాన్ని ఏదో ఒక చోట కాక అన్నివైపులా దెబ్బతీస్తుందని, కాబట్టి నిరోధకత రాదని నమ్మేవారు. ఫాబ్‌ఐలో ఒక్క అమైనో ఆమ్లం మారినా ఈ. కోలై దానిని తట్టుకోగలిగింది. ఒక ఔషధ లక్ష్యాన్ని చేతులు కడుక్కునే సబ్బు కోసం ఖర్చు చేయడం తప్పేనని నా అభిప్రాయం. అమెరికాలో సాధారణ వాడకపు క్రిమినాశక సబ్బులలో దానిని 2016లో నిషేధించారు.

అన్ని బాక్టీరియాలకూ ఫాబ్‌ఐ ఉండదు. న్యుమోనియా కలిగించే స్ట్రెప్టోకాకస్‌లో అదే పనిని పూర్తిగా వేరైన నిర్మాణం గల ఫాబ్‌కే చేస్తుందని, దానిపై ట్రైక్లోసాన్ ప్రభావం ఉండదని 2000లో వెల్లడైంది. ఫాబ్‌ఐని అడ్డుకునే మందులు అన్ని బాక్టీరియాలపై పనిచేయకపోవడాన్ని కొందరు లోపంగా చూస్తారు. స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియాలోని ఫాబ్‌ఐని గురిచేసుకుని రూపొందించి మనుషులపై పరీక్షిస్తున్న మందు అఫాబిసిన్‌కు మాత్రం ఈ తేడాయే బలమని నాకు అనిపిస్తుంది. ఫాబ్‌ఐపై ఆధారపడని పేగు బాక్టీరియా జోలికి అది పోదు.