పట్టా ఉంది, పూచీ లేదు

గిరిజనులకు ప్రభుత్వ సాయం అంటే మన దగ్గర మాట సబ్సిడీతో మొదలై సబ్సిడీ దగ్గరే ఆగిపోతుంది. వలలు, మేకలు, ఐస్ పెట్టెలు ఇస్తారు. అవి పనికిరావని కాదు. కానీ చెరువులోనో అడవిలోనో గనిలోనో వాటా దక్కాలంటే పెట్టుబడి కావాలి, దానికి అప్పు పుట్టాలి, అప్పు పుట్టాలంటే ఎవరో ఒకరు పూచీ పడాలి. నెల్లూరు జిల్లా యానాదులకూ, ఉమ్మడి ప్రకాశం చెంచులకూ కొరవడింది ఆ పూచీయే.

బ్యాంకులో మొదట అడిగేది తాకట్టు. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు చెంచు గూడేల్లో 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలున్న కుటుంబాలున్నాయి. ఆ హక్కు వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదని ఆ చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది. ఈ కట్టడి ఉండాల్సిందే. లేకపోతే ఆ భూములు ఎప్పుడో చేతులు మారిపోయేవి. అయితే జప్తు చేసుకోలేని భూమి మీద బ్యాంకు పెద్ద అప్పు ఇవ్వదు. యానాది కాలనీల్లో చాలామందికి చూపించడానికి ఆ కాగితమైనా లేదు.

సరిగ్గా ఇదే చిక్కు కెనడాలో ఉంది. అక్కడి ఇండియన్ యాక్ట్ 89వ సెక్షన్ ప్రకారం రిజర్వుల్లో ఉన్న ఆదివాసీల ఆస్తిని బయటివాళ్లు తాకట్టు పెట్టుకోవడం కుదరదు. తమ నేల మీదుగా గ్యాస్ పైపులు పోతున్నా, అందులో వాటా కొనడానికి అప్పు దొరికేది కాదు. 2019లో ఆల్బర్టా రాష్ట్రం ఇందుకోసమే ఒక కార్పొరేషన్ పెట్టి వంద కోట్ల డాలర్ల దాకా పూచీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 బడ్జెట్‌లో అక్కడి కేంద్ర ప్రభుత్వం 500 కోట్ల డాలర్లతో దేశమంతటికీ పథకం ప్రకటించి, 2025లో దాన్ని రెట్టింపు చేసింది. 2025లోనే బ్రిటిష్ కొలంబియాలో ముప్పైకి పైగా ఆదివాసీ తెగలు కలిసి వెస్ట్‌కోస్ట్ గ్యాస్ పైప్‌లైన్‌లో 12.5 శాతం వాటా కొనడానికి 40 కోట్ల డాలర్ల అప్పుకు ప్రభుత్వం పూచీ పడింది.

ఇందులో ప్రభుత్వం డబ్బు చేతికివ్వదు. ఉదాహరణకు వంద కోట్ల వాటా మీద ఏడాదికి 8 కోట్లు వస్తాయనుకుందాం. పూచీ లేని అప్పుకు 9 శాతం వడ్డీ అయితే ఏటా కోటి నష్టం, బేరం అక్కడే ఆగిపోతుంది. ప్రభుత్వమే పూచీ పడితే బ్యాంకు 6 శాతానికి ఇస్తుంది. అప్పుడు 6 కోట్లు వడ్డీకి పోయి 2 కోట్లు మిగులుతాయి. అందులో కొంత అసలుకు జమ, కొంత తెగ ఖాతాకు. అసలు తీరేకొద్దీ వాటా పూర్తిగా వాళ్లదవుతుంది. పథకం ఏ వ్యాపారానికైనా పనికొస్తుందని మాత్రం అనుకోకూడదు. ఆదాయం ఏటా నికరంగా వచ్చే పైప్‌లైన్, విద్యుత్ కేంద్రం, కరెంటు లైన్లకు బాగా సరిపోతుంది. ధర ఎగిరిపడే సరుకు మీద అప్పు చేసి వాటా కొంటే ఒక్క చెడ్డ ఏడాదికే కిస్తీ తప్పుతుంది.

మన దగ్గరికి వస్తే ముందు ఒక విషయం తెలిసి ఉండాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం, అంటే ఏజెన్సీ, లేదు. కాబట్టి ఏజెన్సీలో గనులు గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్న 1997 నాటి సమత తీర్పు గానీ, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం గానీ ఇక్కడ అక్కరకు రావు. ఏజెన్సీలో చెల్లే మాటలు ఇక్కడ అర్జీలో రాస్తే ఆ అర్జీని పక్కన పడేస్తారు. అటవీ హక్కుల చట్టం మాత్రం మైదానంలోనైనా అడవి ఉన్న ప్రతిచోటా చెల్లుతుంది. ఇంకో తేడా ఉంది. చెంచులు ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగల జాబితాలో ఉన్నారు, ఆ తెగల కోసం 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం వాళ్లకు వర్తిస్తుంది. యానాదులు ఆ జాబితాలో లేరు. యానాదులకు నెల్లూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), చెంచులకు శ్రీశైలం ఐటీడీఏ. ఫైలు తప్పు ఆఫీసుకు వెళ్తే నెలలు పోతాయి.

నెల్లూరు జిల్లాలో యానాదులకు చేతికందే వనరు చెరువు. చేపల హక్కు లీజు ఫసలీ లెక్కన, అంటే జూలై 1 నుంచి జూన్ 30 వరకు నడుస్తుంది. సొసైటీ ఉంటే ముందు దానికే అవకాశం, అది వద్దంటేనే వేలం. పాత సొసైటీలు కొత్త సభ్యుల్ని చేర్చుకోవు, పంపకంలో వాటా తగ్గుతుందని. అలాంటి చోట విడిగా సంఘం పెట్టుకోవాలి. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే రిజిస్టరు చేయవచ్చు. మత్స్యకార సొసైటీ అయితే మత్స్యశాఖ వాళ్లు వల విసరడం, ఈత లాంటివి చేయించి చూశాకే సభ్యత్వం ఇస్తారు. యానాదులకు అదొక లెక్క కాదు. ఆధార్‌లో ఒక పేరు, కుల ధ్రువీకరణలో ఇంకో పేరు ఉన్నచోటే ఇబ్బంది. ముందు అవి సరిచేయించాలి.

ఇరవై హెక్టార్ల నీటి విస్తీర్ణం ఉన్న చెరువు తీసుకుందాం. హెక్టారుకు 2,000 చొప్పున 40,000 చేపపిల్ల కావాలి. 80 నుంచి 100 మిల్లీమీటర్ల సైజు ఉండాలి. చిన్న పిల్ల చవగ్గా వస్తుంది గానీ కొరమేను, వాలుగల పాలవుతుంది. నాలుగు పాళ్లు బొచ్చె, మూడు శీలావతి, మూడు ఎర్రమోసు వేస్తే నీటిలో పై మేత, మధ్య మేత, అడుగు మేత మూడూ ఖర్చవుతాయి. అంటే 16,000, 12,000, 12,000. మూడో వంతుకు కాస్త తక్కువగా, 12,000 బతికి సగటున 600 గ్రాములు తూగితే 7.2 టన్నులు. పిల్ల పలచగా వేస్తే తూకం పెరుగుతుంది, ఒత్తుగా వేస్తే బరువు పడిపోతుంది.

నెల్లూరు చెరువులకు నీరొచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలప్పుడు. మొదటి వానకే తొందరపడి పిల్ల వదిలితే తర్వాతి తుపానుకు కలుజు (చెరువు నిండితే నీరు పొర్లే చోటు) మీదుగా సగం కొట్టుకుపోతుంది. పెద్ద పారుదల తగ్గాక వదలడం క్షేమం. అప్పుడు చేతిలో మిగిలేది ఐదారు నెలలే కాబట్టి, దొరికితే ఏడాది పెంచిన పెద్ద పిల్ల వేయాలి. కలుజుకు అడ్డంగా వెదురు తడికెలు కట్టేటప్పుడు నిటారుగా కాకుండా నీటి వాలుకు ఏటవాలుగా నిలబెట్టాలి. నిటారుగా కడితే చెత్త పట్టి నీరు నిలుస్తుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, నీటిపారుదల శాఖ వాళ్లు వచ్చి పీకేస్తారు. వాళ్లు పీకడం న్యాయమే. చెరువు పారుతున్నన్నాళ్లూ రోజూ ఒకరు చెత్త తీయాలి, ఆ పనికి కూలి కూడా ముందే లెక్కలో రాసుకోవాలి. తూముకు లోపలివైపు వల బిగించడం చాలామంది మరిచిపోతారు. రెండో పంటకు తూము ఎత్తాక చేప పంటకాలవలో కనిపిస్తే ఇక అది సొసైటీ చేప కాదు.

ఇదంతా యానాదులకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. చిక్కంతా డబ్బు అందే వరసలో ఉంది. మత్స్య సంపద యోజనలో ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ. కానీ అది యూనిట్ పెట్టి, తనిఖీ అయ్యాక వచ్చేది. లీజు సొమ్ము, పిల్ల ఖర్చు ముందు కట్టాలి. ఈ సందులోనే చేపల వ్యాపారి దూరతాడు. లీజు తానే కడతాడు, పిల్ల తానే తోలిస్తాడు, పట్టుబడి రోజు కాటా తనదే, ధర తనదే, తరుగు పేరుతో కోత కూడా తనదే. సొసైటీ సభ్యులకు పట్టుబడి కూలి మిగులుతుంది. రిజిస్టర్లలో మాత్రం అది గిరిజన సొసైటీ, గిరిజనుల ఆదాయం. మన జిల్లాలో గిరిజనుల పేరు మీద ఉన్న వనరులకు జరుగుతున్న అతి పెద్ద అన్యాయం ఇదే.

ఆ సందు పూడ్చడానికి ఉన్న దారులు రెండు మూడు. జాతీయ ఎస్టీ ఆర్థిక, అభివృద్ధి సంస్థ స్వయం సహాయక సంఘాలకు సభ్యురాలికి 50,000, సంఘానికి 5 లక్షల దాకా అప్పు ఇస్తుంది. ఆదివాసీ మహిళా సశక్తీకరణ యోజనలో ఒక్కో మహిళకు 2 లక్షల దాకా ఖర్చయ్యే యూనిట్‌కు 90 శాతం అప్పు, వడ్డీ 4 శాతం. ఇవి మన రాష్ట్రంలో ట్రైకార్ (రాష్ట్ర గిరిజన సహకార ఆర్థిక సంస్థ) ద్వారా వస్తాయి. ఆ కేంద్ర సంస్థ రాష్ట్ర సంస్థకు అప్పు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వ పూచీ మీదే. అంటే కెనడాలో ఉన్న మెలిక మన వ్యవస్థలోనూ ఉంది, చిన్న చిన్న యూనిట్ల దగ్గరే ఆగిపోయింది. చెరువు లీజులాంటి ఉమ్మడి పెట్టుబడికి దాన్ని వాడడం లేదు. పదిహేను మంది మహిళలు విడివిడిగా తీసుకున్న అప్పును సంఘంలో వాటా ధనంగా పెట్టడం ఒక ఉపాయం. అయితే తీర్మానం రాసి, ఎవరి వాటా ఎంతో రిజిస్టరులో వేలిముద్రలతో సహా ఎక్కించకపోతే రెండో ఏడాదికే తగాదా వస్తుంది. చెక్కు మీద అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరూ సంతకం పెట్టాలి. చెక్కు పుస్తకం ఏ కులపెద్ద ఇంట్లోనో, ఏ ఎన్జీవో బీరువాలోనో ఉండకూడదు. మొదటి ఏడాది అమ్మకం సొమ్ములోంచి వచ్చే ఫసలీ లీజు, పిల్ల ఖర్చు విడిగా డిపాజిట్ వేసి మిగిలిందే పంచుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా సొసైటీ సొంతానికి కొనుక్కోవాలి. ఎన్ని సబ్సిడీలు వదులుకున్నా ఇది మాత్రం వదులుకోవద్దు.

నల్లమలలో పద్ధతి వేరు. అక్కడ అడవి పట్టాకంటే సామూహిక హక్కు విలువైనది. వ్యక్తిగత క్లెయిము ఫారం ఏ, సామూహిక హక్కుకు ఫారం బీ, సామూహిక అటవీ వనరుకు ఫారం సీ. ఎక్కువ ఊళ్లలో ఏ తోనే ఆపేశారు. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, వాటిని సేకరించి అమ్ముకునే హక్కు చట్టంలోనే ఉంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం రవాణా పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వవచ్చు. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంతకాలు తర్వాత ఇళ్ల చుట్టూ తిరిగి పెట్టిస్తే పై కమిటీలో కొట్టేస్తారు. సబ్ డివిజన్ కమిటీ తిరస్కరిస్తే 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లాలి.

తపసి బంక సంగతి చూడండి. తెల్లగా, బెరడు ముక్కల్లేకుండా ఎండింది ఒక ధర, ఎర్రగా మట్టి అంటింది ఇంకో ధర. గొడ్డలితో లోతుగా నరికితే ఆ ఏడు బంక ఎక్కువ కారుతుంది, తర్వాత చెట్టు ఎండిపోతుంది. పదునైన చిన్న కత్తితో బెరడు వరకే చెక్కి, కారిన బంకను గుడ్డ మీద నీడపట్టున ఆరబెట్టాలి. 2020లో కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర కిలోకు తపసి బంకకు 114 రూపాయలు, అడవి తేనెకు 225, గింజ తీయని చింతపండుకు 36. కొనేది జీసీసీ (గిరిజన సహకార సంస్థ). అటవీ సరుకు కొని, బాగుచేసి అమ్మే వన్‌ధన్ కేంద్రానికి ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు, 300 మంది ఉంటే 15 లక్షల దాకా వస్తుంది. ఆ సొమ్ముతో షెడ్డు, మిషను కొని, సరుకు కొనడానికి రొక్కం లేక తాళం వేసుకునే కేంద్రాలే ఎక్కువ. సేకరించే కుటుంబానికి సంతలో ఆ పూటే రొక్కం కావాలి. వన్‌ధన్ కేంద్రం పదిహేను రోజులాగమంటే సరుకు షావుకారుకే వెళ్తుంది. మిషను చిన్నదైనా ఫరవాలేదు, సగం డబ్బు కొనుగోలుకు ఉంచాలి.

గనుల్లో వాటా ఇప్పటికైతే దూరపు మాటే. 2011లో పార్లమెంటులో పెట్టిన గనుల బిల్లులో బొగ్గు కంపెనీల లాభంలో 26 శాతం స్థానికులకు ఇవ్వాలన్నారు, లోక్‌సభ గడువుతోపాటే అది మురిగిపోయింది. 2015లో దాని బదులు జిల్లా ఖనిజ నిధి వచ్చింది. ప్రధాన ఖనిజాల్లో పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చినవైతే 10 శాతం. చీమకుర్తి గ్రానైట్ లాంటి చిన్న ఖనిజాలకు రాష్ట్రమే రేటు పెడుతుంది. సైదాపురం వైపు క్వార్ట్జ్, అభ్రకం 2015 నుంచి చిన్న ఖనిజాలుగా ఉండి 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాలయ్యాయి. కొత్త లీజులకు ఇక కేంద్ర చట్టం కింద వేలమే, అందులో ఆస్తిపాస్తులు చూపించాల్సిన చోట గిరిజన సంఘం నిలబడలేదు. అందుకే గని లీజు కోసం కాకుండా క్వార్ట్జ్ పొడి కొట్టే యూనిట్‌లో వాటా కోసం అడగడం నయం. ఆ వాటా అప్పుకు ట్రైకార్ పూచీ పడాలి, సంఘం తన వంతుగా పెట్టాల్సిన సొమ్ము ఖనిజ నిధి నుంచి రావాలి. ఇలాంటి పథకం ఇప్పుడు లేదు, అడిగితేనే పుడుతుంది.

ఖనిజ నిధికి కలెక్టరు అధ్యక్షులు. 2024 మార్గదర్శకాల్లో నిధిలో కనీసం 70 శాతం ముఖ్య అవసరాలకు వెచ్చించాలి, వాటిలో జీవనోపాధి కూడా ఉంది. గని నుంచి 15 కిలోమీటర్ల లోపున్న ఊళ్లు నేరుగా ప్రభావితమైనవి. అర్జీలో కాలనీ పేరు, గని లీజు నంబరు, రెండింటి మధ్య దూరం, ఎస్టీ కుటుంబాల సంఖ్య, గ్రామసభ తీర్మానం నకలు, యూనిట్ అంచనా, సంఘం బ్యాంకు ఖాతా నంబరు ఉండాలి. సర్వే నంబర్లతో ఊరి పటం జతచేయండి, దూరం దగ్గర వాదన రాకుండా ఉంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకుని, అదే కాగితం ఒకటి గనుల శాఖ జిల్లా కార్యాలయంలోనూ, ఇంకొకటి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికీ ఇవ్వాలి.