ఏ ఆజ్ఞ తప్పావమ్మా?

నాకు టీబీ వచ్చింది, మందులు వాడాను, తగ్గింది. మా ఊర్లో ఈ మాట పైకి చెప్పే ఆడమనిషి నాకింతవరకు ఎదురుపడలేదు కాబట్టి నేనే రాస్తున్నా.

మాది ప్రొద్దుటూరు. మైదుకూరు రోడ్డు వైపు ఒక సందులో నాకు టైలరింగ్ షాపు ఉంది. షాపంటే మా ఇంటి ముందుగదే. మిషన్లు, కత్తిరింపు బల్ల, నాతో పాటు కుట్టే ఇద్దరమ్మాయిలు, గోడ నిండా జాకెట్ల సంచులు. దుమ్ము గుడ్డల మీద పడుతుందని కిటికీ మూసే ఉంచేవాళ్లం. టీబీ గాలిలో పాకుతుందనీ, దానికి మూసిన గదికి మించిన చోటు లేదనీ మాకెవరూ చెప్పలేదు.

దగ్గు శ్రావణమాసంలో మొదలైంది. అప్పుడు వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు, అవి తెమిలేసరికి దసరా. మైసూరు తర్వాత మా ఊరి దసరానే చెప్పుకుంటారు, ఆ రోజుల్లో టైలర్లకు నిద్ర ఉండదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. జాకెట్లు కుట్టేదానికే సొంత జాకెట్లు వదులైపోయాయి. పని ఒత్తిడి అనుకున్నాం. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తే, గొంతులో టార్చి వేసి చూసి, “గుడ్డల దుమ్మమ్మా, టైలర్లకు మామూలే” అని సిరప్ రాశాడు. తగ్గలేదని మళ్లీ వెళ్తే ఇంకో సిరప్. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలని ప్రభుత్వ ఆసుపత్రుల గోడల మీద రాసి ఉంటుంది. చదువురాని వాళ్లకు కూడా అర్థమయ్యేలా బొమ్మ వేసి మరీ ఉంటుంది. ఆయన ఎంబీబీఎస్. చాలా మర్యాదగా మాట్లాడేవాడు, ఫీజు కూడా ఎక్కువ కాదు. అయినా ఆయన మీద నాకు కోపం పోలేదు. ఒక చిన్న డబ్బీ చేతికిచ్చి “రేపు పొద్దున్నే ఇందులో కఫం పట్టుకురా” అని ఉంటే చాలు, ఆ రాత్రి వచ్చేది కాదు.

విజయదశమి రాత్రి. తొట్టిమెరవణి ఊరేగింపు చూడ్డానికి సందులో అందరూ వెళ్లిపోయారు. డప్పుల చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తోంది. మా అత్త పడుకుంది. మా ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకు దగ్గు తెర వచ్చింది. గొంతులో వెచ్చగా, ఉప్పగా తగిలింది. వాష్ బేసిన్‌లో ఉమ్మితే ఎర్రగా పడింది. తాంబూలమా అని ఒక్క క్షణం పిచ్చి ఆలోచన వచ్చింది, నాకు తాంబూలం అలవాటే లేదు. మళ్లీ దగ్గాను. ఈసారి దోసిలి నిండింది.

ఆటో కోసం మా ఆయన పరుగెత్తాడు. ఆ రాత్రి ప్రొద్దుటూరులో ఆటో ఎక్కడ దొరుకుతుంది! మెయిన్ రోడ్లన్నీ జనం. చివరికి మా మరిది బండి తెచ్చాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి వెనక మా ఆయన పట్టుకున్నాడు. నోటికి టవలు అడ్డం పెట్టుకున్నాను. ఒక మూలమలుపు దగ్గర తాడు కట్టి బండ్లు ఆపేశారు. మా మరిది అరుస్తున్నాడు, డప్పుల్లో ఎవరికీ వినబడడం లేదు. ఒక కానిస్టేబుల్ నా టవలు చూశాడు. ఏమీ అడగలేదు, తాడు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు, ఇప్పటికీ ప్రార్థనలో గుర్తు చేసుకుంటాను.

విశ్వాసం ఉన్నవాళ్లకు అలాంటప్పుడు కీర్తనలు నోటికి వస్తాయంటారు. నాకు ఒక్క వచనం గుర్తు రాలేదు. హుక్కులు కుట్టకుండా మిగిలిన జాకెట్లు ఎవరెవరివో వరసగా గుర్తొచ్చాయి. మా పాప పెళ్లి గుర్తొచ్చింది. పెద్దాసుపత్రిలో డ్యూటీ నర్సమ్మ నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, “మింగొద్దక్కా, వచ్చింది వచ్చినట్టు ఉమ్మెయ్, నేనిక్కడే ఉంటా” అంది. తెల్లవార్లూ ఉంది కూడా. ఆ మాట ముందు నాకు ఏ ప్రసంగమూ ఆనదు.

తర్వాత ఎక్స్‌రే, కఫం, సీబీనాట్ అనే మిషన్ పరీక్ష, షుగరు, హెచ్ఐవీ. ఇవన్నీ టీబీ వచ్చిన ప్రతివాళ్లకూ చేస్తారు, కంగారు పడక్కర్లేదు. మొండి రకం కాదనీ మామూలు మందులకు లొంగుతుందనీ చెప్పారు. ఆరు నెలలు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. అన్నీ ఉచితం.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు మా చర్చి సంఘపెద్ద ఒకాయన పలకరించడానికి వచ్చాడు. గేటు దాటలేదు. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, అక్కడినుంచే చిన్న ప్రార్థన చేశాడు. ప్రార్థన బాగానే ఉంది. పోతూపోతూ, “దేవుడు ఊరికే దెబ్బ కొట్టడు గదమ్మా. ఏ ఆజ్ఞ తప్పావో ఒకసారి పరీక్షించుకో” అన్నాడు.

కర్చీఫ్ పెట్టుకున్నందుకు నేనేమీ అనుకోలేదు, అది మంచిదే. ఆ మాట మాత్రం రక్తం పడిన రాత్రి కంటే ఎక్కువ భయపెట్టింది. పడుకుంటే పదాజ్ఞలు కళ్ల ముందు వరసగా వచ్చేవి. చిన్నప్పుడు సండే స్కూల్లో తడబడకుండా అప్పజెప్తే పెన్సిల్ ఇచ్చేవాళ్లు, అన్నీ నోటికి వచ్చు. ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. షాపు పెట్టినప్పటినుంచి ఆదివారం మిషన్ తొక్కలేదు, దసరా ముందు ఆదివారమైనా సరే. ఒకసారి క్రిస్మస్ ముందు “ఈ ఆదివారానికి ఎట్లైనా కుట్టివ్వమ్మా” అని కబురు వచ్చింది ఆ పెద్దాయన ఇంటినుంచే. కుదరదని చెప్పి పంపాను. మా అమ్మానాయనలను చివరిదాకా నేనే చూసుకున్నాను. కత్తిరించగా మిగిలిన ముక్క కూడా గుడ్డ ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చే రకాన్ని. మరి ఏది తప్పాను?

మా అత్త విన్నది. ఆమెకు చదువు రాదు, బైబిలంతా చెవులతో విన్నదే. “అయ్యో పిచ్చిదానా, పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే గదా అడిగింది? వీడు పాపం జేసినాడా, వీళ్లమ్మానాయనా అని. ప్రభువు ఏం జెప్పినాడు? ఇద్దరూ కాదన్నాడు. ఆయప్ప బైబిల్లో ఆ పేజీ చినిగిపోయిందేమోలే” అనింది. చాన్నాళ్లకు నవ్వొచ్చింది. నవ్వితే మళ్లీ దగ్గొచ్చింది.

మా అత్త నా పక్కన కూర్చోవడానికి ఎన్నడూ వెనకాడలేదు. వాళ్ల చిన్నాయన ఒకాయన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఉండి వచ్చాడట. మిషనరీలు 1915లో తెరిచిన ఆసుపత్రి అది. అప్పుడు క్రిమిని చంపే మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ప్రార్థన, అంతే. బతికినవాళ్లు బతికారు. ఆ కథలన్నీ విని పెరిగింది కాబట్టి ఆమె చేసిన మొదటి పని, షాపు గది కిటికీ బార్లా తెరవడం. ఇప్పటికీ మూయనివ్వదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. మా పాపకు బద్వేలు వైపు సంబంధం మాటల్లో ఉంది. డిసెంబరులో నిశ్చయం అనుకున్నాం. మా మరిది అందరినీ కూర్చోబెట్టి, “టైఫాయిడ్ అని చెప్దాం వదినా. టీబీ అంటే ఊరంతా పాకుతుంది. పాప బతుకు ఆలోచించు” అన్నాడు. ఆ రాత్రి బండి మీద నన్ను బతికించి తెచ్చినవాడు. చెడ్డవాడని ఎట్లా అనను? మా ఆయన తల దించుకున్నాడు, పాప గోడ వైపు చూసింది. అందరూ టైఫాయిడ్‌కు ఒప్పుకున్నారు.

అబద్ధసాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ నాకెప్పుడూ కోర్టు సంగతిలాగే ఉండేది. నాలాంటి దానికి సాక్ష్యం చెప్పే పనేముంది అనుకునేదాన్ని. కానీ ఆ మూసిన గదిలో నెలల తరబడి నా దగ్గును పీల్చిన ఇద్దరమ్మాయిలు ఉన్నారు. ఒకమ్మాయికి చంటిబిడ్డ. వాళ్లకు టైఫాయిడ్ అని చెప్తే వాళ్లు పరీక్షకు పోరు. అయిదేళ్ల లోపు పిల్లలకు ఈ జబ్బు అంటితే మెదడుకు కూడా పాకుతుందని ఆసుపత్రిలో చెప్పారు. ఇంతకంటే దగ్గరి పొరుగువాళ్లు నాకు ఇంకెవరున్నారు?

మర్నాడు ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒకమ్మాయి మరిక పనికి రాలేదు. వాళ్లమ్మ వీధిలో నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయను. రెండో అమ్మాయి బిడ్డను తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. జబ్బు లేదుగానీ ముందుజాగ్రత్తగా బిడ్డకు మాత్రలు ఇచ్చారు. ఆ అమ్మాయి ఇప్పటికీ నా దగ్గరే కుడుతోంది.

తర్వాత బద్వేలుకు ఫోన్ చేశాను. “వదినా, నాకు టీబీ. మందులు మొదలుపెట్టాను. సరిగ్గా వాడితే ఎవరికీ అంటదంటున్నారు. దాచడం ఇష్టంలేక చెప్తున్నా” అన్నాను. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు. “మాట్లాడుకొని చెప్తాం వదినా” అంది. వాళ్లు చెప్పలేదు. సంబంధం అట్లాగే పోయింది.

ఇక్కడ ‘దేవుడు అంతకంటే మంచి సంబంధం చూపించాడు’ అని రాయాలని నాకూ ఉంది. సాక్ష్యాల కూటాల్లో అట్లాగే చెప్తారు. ఇంకా చూపించలేదు. మా పాప చాలా కాలం నాతో మాట్లాడలేదు. పొద్దున్నే మాత్రలు, గ్లాసు నీళ్లు, ఉడికించిన గుడ్డు మంచం పక్కన పెట్టి వెళ్లిపోయేది. ఒక్క పూట మర్చిపోలేదు, ఒక్క మాట అనలేదు.

ఆ మౌనంలోనే నాకు ఒకటి తెలిసొచ్చింది. అంతకుముందు ఆజ్ఞలను నేను చీటీ కట్టినట్టు కట్టేదాన్ని. తప్పకుండా కడితే ఒకరోజు పాట నాకు దక్కుతుందని. సంఘపెద్ద లెక్కా అదే, కాకపోతే నేను కంతు ఎగ్గొట్టానని ఆయన అనుమానం. తొమ్మిదో ఆజ్ఞకు లోబడినందుకు నాకు దక్కిందేమీ లేదు, పైగా పోయింది. అయినా ఆ ఫోన్లు చేసిన రాత్రి, దగ్గు మొదలయ్యాక మొదటిసారి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ప్రార్థనకు కూర్చుంటే అడగాల్సిన పట్టిక చేతిలో లేదు. ఆయన ఉన్నాడు, నేను ఉన్నాను. దేవుని భయం అని చిన్నప్పటినుంచీ వింటున్నాను, భయం లేకుండా ఆయన ముందు కూర్చోవడం మాత్రం అప్పుడే తెలిసింది.

మాత్రల సంగతి కూడా చెప్పాలి. వాంతి వచ్చేది. మూత్రం ఎర్రగా వస్తే మళ్లీ రక్తమేమో అని హడలిపోయాను. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, ముందే చెప్పి ఉంటే ఆ టెన్షన్ తప్పేది. రెండో నెల తిరిగేసరికి జ్వరం లేదు, దగ్గు లేదు, రాగిసంగటి ముద్ద లోపలికి పోతోంది. ఇక మాత్రలెందుకు అనిపిస్తుంది. అందరూ జారిపోయేది అక్కడే. టీబీ సూపర్‌వైజర్ అబ్బాయి బండి మీద వచ్చి ఖాళీ అట్టలు లెక్కపెట్టేవాడు. నన్ను నమ్మడా అని మొదట ఒళ్లు మండేది. “అక్కా, జ్వరం తగ్గడం నీకు తెలుస్తుంది, క్రిమి చావడం నీకు తెలియదు” అన్నాడు ఒకరోజు. పదిమంది కుష్ఠురోగుల కథ గుర్తొచ్చింది. వెళ్లి యాజకులకు కనబరచుకోండని ప్రభువు చెప్పినప్పుడు వాళ్లింకా బాగవలేదు. రోగం ఒంటి మీద ఉండగానే నడక మొదలుపెట్టారు, దారిలో శుద్ధులయ్యారు. నేను ఆరు నెలలూ ఆ దారిలోనే నడిచాను.

ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా. దగ్గు రెండు వారాలు దాటితే సిరప్ మార్చొద్దు, కఫం పరీక్ష అడగండి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించండి. కళ్లు మసకబారినా, పచ్చబడినా ఆ రోజే ఆసుపత్రిలో చెప్పండి, మీ అంతట మీరు మందు ఆపొద్దు. తిండి కోసం ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే అందులోనే పడతాయి, సిగ్గుపడి వదులుకోవద్దు. పాస్టరయ్యగార్లు ఒక ఆదివారం ఈ మాటలు ప్రసంగపీఠం మీదినుంచి చెప్తే ఎంతమంది బతుకుతారో. మా అయ్యగారు చెప్పారు. చెప్పమని అడిగింది నేనే, నా పేరు కూడా చెప్పమన్నాను.

మా పాప ఇప్పుడు మాట్లాడుతోంది. కొత్తగా సంబంధం అడిగినవాళ్లకు “మా అమ్మకు టీబీ వచ్చి తగ్గింది” అని తనే మొదట చెప్పేస్తోంది. కోపంతో చెప్తోందో, ధైర్యంతో చెప్తోందో నేను అడగలేదు.

క్షమించమన్న ఆజ్ఞ ఒకటి మిగిలింది. ఆ సిరప్‌ల డాక్టరు సంగతి వదిలేశాను, ఆయన క్లినిక్ ముందునుంచే నడిచి పోతున్నా. సంఘపెద్దకు మాత్రం గుడిలో వందనాలు చెప్తున్నా, చేయి కలపడం ఇంకా రాలేదు. ఈ సంగతి పాస్టరయ్యగారికి కూడా చెప్పాను.