పిక్కలకు హాయి, మెడకు మంట

ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు సింహాచలం వెళ్లి, తొలిపావంచా నుంచి హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన నాన్నగారికి ఈ రోజు బామ్ పట్టించాను. పిక్కలకు రాస్తే హాయిగా ఉందన్నారు. అదే బామ్ మెడ పక్కన తగలగానే మండుతోందన్నారు, అరికాలికి రాస్తే ఏమీ తెలియడం లేదు, ఇంకొంచెం వెయ్యమన్నారు.

ఈ తేడా మందులో లేదు, చర్మంలో ఉంది. చర్మం పైన ఉండే మృతకణాల పొర అరికాళ్లలో, అరచేతుల్లో చాలా మందంగా, మెడ దగ్గర, మడతల్లో పలచగా ఉంటుంది. 1967లో ఫెల్డ్‌మన్, మెయిబాక్ అనే పరిశోధకులు చర్మం వాపు, దురద తగ్గించే హైడ్రోకార్టిసోన్ మందును ఒంటిమీద వేర్వేరు చోట్ల రాసి కొలిచినప్పుడు, ముంజేయి పీల్చుకున్నది ఒక వంతు అనుకుంటే అరికాలు 0.14 వంతు, నుదురు 6 వంతులు, దవడ మూల 13 వంతులు, వృషణాల చర్మం ఏకంగా 42 వంతులు పీల్చుకున్నాయి. బామ్‌లోని పదార్థాలు వేరు కాబట్టి అంకెలు ఇవే ఉండవు, కానీ ఏ చోట ఎంత జాగ్రత్త పడాలో ఈ వరుస చెబుతుంది. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి కాక, రాసే చోటును బట్టి బామ్ తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బామ్ కండరాన్ని నిజంగా వేడి చేయదు. మిరపకారంలోని క్యాప్సైసిన్, సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే నరాల గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే మరో గ్రాహకాన్ని కదిలిస్తుంది. (1997లో ఆ వేడి గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.)

మన విశాఖ ఉక్కపోతలో చెమటతో నానిన చర్మం మందును మరింత త్వరగా లోపలికి పంపుతుంది. అందుకే నాన్నగారు అడిగినా బామ్ మీద బిగుతుగా కట్టు కట్టలేదు, వేడినీళ్ల సంచీ పెట్టనివ్వలేదు, ఎందుకంటే ఇలాంటి మందులతో బొబ్బలెక్కి చర్మం కాలిన సంఘటనలు ఉన్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే హెచ్చరించింది. నడకకు తొడలు ఒరుసుకుపోయిన చోట బామ్ బదులు కొబ్బరినూనె రాసుకోమన్నాను.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతున్న పెద్దత్తయ్యకు కూడా ఫోన్ చేశాను. బామ్‌లోని మిథైల్ సాలిసిలేట్ రక్తంలోకి చేరి ఆ మందు ప్రభావాన్ని పెంచగలదు కనుక, డాక్టరుగారిని అడిగేదాకా మోకాళ్లకు పట్టించవద్దని చెప్పాను.